ఒకేలా కనిపించే ఇంగ్లిష్ క్రియలు: బెంగళూరు తెలుగువాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలు

మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ చుట్టుపక్కల పీజీల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు ఆదివారాలు మా దగ్గర కూర్చుని ఇంగ్లిష్ చదువుకుంటారు. మనుషులు మారుతుంటారు, సందేహాలు మాత్రం మారవు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నేను తెలుగు మీడియం. అందుకేనా నాకీ తేడాలు తెలియట్లేదు?

కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలనే దీన్ని మొదట పెట్టాను. ఇంగ్లిష్ మీడియం పిల్లలూ ఇవే చోట్ల తడబడతారు. చిక్కంతా మనకు నేర్పిన పద్ధతిలో ఉంది. సీ అంటే చూచుట, లుక్ అంటే చూచుట, వాచ్ అంటే చూచుట అని బళ్ళో ఎక్కాల్లా వల్లె వేయించారు. మూడింటికీ ఒకటే అర్థం రాసిస్తే, ఎక్కడ ఏది వాడాలో పిల్లలు ఎలా తేల్చుకుంటారు?

నిజానికి ఆ తేడాల్లో చాలావాటిని మనం తెలుగులో రోజూ పాటిస్తూనే ఉన్నాం. "చూశాను గానీ కనిపించలేదు" అనడానికి ఎవరికీ వ్యాకరణం చెప్పక్కర్లేదు. లుక్‌కీ సీకీ ఉన్న తేడా అదే. తెలుగులో ఆలోచించడం మానేస్తేనే ఇంగ్లిష్ వస్తుందని చెప్పేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. సరైన తెలుగు మాటను పక్కన పెట్టుకుంటే చాలా క్రియలు తొందరగా దారికొస్తాయి. తెలుగు సాయం చేయని క్రియలు కొన్ని ఉన్నాయి, అవి ఎక్కడెక్కడో కింద చెప్పాను.

## ఊరికి కొత్తగా వచ్చినప్పుడు

సే, టెల్, స్పీక్, టాక్... నాలుగూ "చెప్పడం, మాట్లాడడం"కే కదా, ఎక్కడ ఏది వాడాలి?

సే, టెల్ అనే జత చాలామందిని ఏళ్ళ తరబడి తిప్పలు పెడుతుంది. దీనికి తెలుగులో చక్కని తాళంచెవి ఉంది. సే అంటే "అను", టెల్ అంటే "చెప్పు". "వస్తానన్నాడు" అన్నప్పుడు అతని నోట్లోంచి వచ్చిన మాట ముఖ్యం: "హి సెడ్ హి వుడ్ కమ్." "నాకు చెప్పాడు" అన్నప్పుడు వినే మనిషి ముఖ్యం: "హి టోల్డ్ మి." అందుకే టెల్ పక్కనే మనిషి రావాలి. "హి టోల్డ్ దట్..." అని మొదలుపెడితే వినేవాళ్ళకు ఏదో జారిపోయినట్టు ఉంటుంది, ఎవరికి చెప్పాడో లేదు కాబట్టి. "హి సెడ్ మి" కూడా కుదరదు. "నాతో అన్నాడు" అనడానికి మనకు "తో" కావలసినట్టే సేకి "టు" కావాలి: "హి సెడ్ టు మి."

మనిషి లేకుండా టెల్ వచ్చే చోట్లు కొన్నే. నిజం చెప్పడం, అబద్ధం చెప్పడం, కథ చెప్పడం: "టెల్ ద ట్రూత్, టెల్ ఎ లై, టెల్ ఎ స్టోరీ." వీటిని అలాగే గుర్తు పెట్టుకోండి.

భాష పేరు వస్తే స్పీక్ వాడాలి. "ఐ స్పీక్ తెలుగు అండ్ ఎ లిటిల్ కన్నడ" అంటారు గానీ "టాక్ తెలుగు" అనరు. టాక్ అంటే ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకోవడం. అదే సభలో లేచి మాట్లాడితే స్పీక్.

మీటింగులో వాయిస్ రాకపోతే "ఐ యామ్ నాట్ లిజనింగ్ యూ" అన్నాను. అందరూ ఒక్క క్షణం ఆగిపోయారు. ఏం తప్పన్నాను?

మీరు చెప్పాలనుకున్నది "వినబడట్లేదు". మీ నోటినుంచి వచ్చింది "నేను మీ మాట వినట్లేదు". అవతలివాళ్ళు నొచ్చుకోవడంలో తప్పు లేదు. వినబడడం హియర్, చెవి పెట్టి వినడం లిజన్. "సారీ, ఐ కాంట్ హియర్ యూ" అంటే సరిపోయేది. లిజన్ తర్వాత మనిషో పాటో వస్తే మధ్యలో "టు" తప్పనిసరి.

చూడడం దగ్గరా ఇదే లెక్క. కంటికి కనబడడం సీ, చూపు తిప్పి చూడడం లుక్ (దీనికి "ఎట్" కావాలి), కదిలేదాన్ని కాసేపు అలాగే చూస్తూ ఉండడం వాచ్. చిన్నస్వామి స్టేడియంలో మ్యాచ్‌ని వాచ్ చేస్తాం. స్కోర్‌బోర్డు వైపు లుక్ చేస్తాం. జనంలో తెలిసినవాళ్ళు కంటపడితే సీ. సినిమాకు సీ, వాచ్ రెండూ నడుస్తాయి. డాక్టర్ దగ్గరికి వెళ్ళడాన్ని "సీ ఎ డాక్టర్" అంటారు, అక్కడ వాచ్ అంటే డాక్టరును కాపలా కాస్తున్నట్టు అవుతుంది.

"బ్యాగ్ హియర్ కీప్ చేయండి" అని అందరూ అంటారు. పుట్ అనాలా, కీప్ అనాలా?

పెట్టడానికి పుట్, ఉంచుకోవడానికి కీప్. బల్లమీద బ్యాగు పెట్టడం ఒక్కసారి చేసి ఊరుకునే పని: "పుట్ ద బ్యాగ్ ఆన్ ద టేబుల్." చిల్లర మీ దగ్గరే ఉంచుకోండి అంటే "కీప్ ద చేంజ్." బెంగళూరులో ఈ తేడా చెరిగిపోవడానికి కారణం, మన చుట్టూ ఉన్న కన్నడిగులు, తమిళులు కూడా పుట్ అనాల్సిన చోట కీప్ అనేస్తారు. వినేవాళ్ళకు అర్థమైపోతుంది కాబట్టి ఎవరూ సరిదిద్దరు. లండన్‌లో ఉన్న క్లయింటుకు "ఐ కెప్ట్ ద ఫైల్ ఇన్ ద ఫోల్డర్" అని రాస్తే మాత్రం, ఫైలును తీసేయకుండా అట్టే పెట్టారని అనుకుంటాడు.

బారో, లెండ్ ఎప్పుడూ తిరగబడిపోతున్నాయి.

మీ చేతిలోకి వస్తే బారో, మీ చేతినుంచి పోతే లెండ్. చేబదులు తీసుకున్నవాడు బారో చేశాడు, ఇచ్చినవాడు లెండ్ చేశాడు. "కెన్ యూ లెండ్ మి ఫైవ్ హండ్రెడ్ రుపీస్?" లేదా "కెన్ ఐ బారో ఫైవ్ హండ్రెడ్ రుపీస్ ఫ్రమ్ యూ?" అడిగేటప్పుడు "కెన్" తర్వాత "యూ" వచ్చిందా, "ఐ" వచ్చిందా అన్నది చూసుకుంటే చాలు.

ఇల్లు వెతుకుతున్నాను. టు లెట్, రెంట్, లీజ్, హైర్... ఇవన్నీ అద్దేనా?

గోడలమీద వేలాడే "టు లెట్" బోర్డు ఇంటి ఓనరు మాట. లెట్ అంటే అద్దెకు ఇవ్వడం. మీరు చేసేది రెంట్. ఓనరు ఇవ్వడానికి కూడా రెంట్ వాడొచ్చు, "రెంట్ అవుట్" అంటే ఇంకా స్పష్టంగా ఉంటుంది. హైర్ ఇళ్ళకు వాడరు. కారునో సూటునో కొద్దిసేపటికి అద్దెకు తీసుకుంటే బ్రిటన్‌లో హైర్ అంటారు, అదే కారుకు అమెరికాలో రెంట్ అంటారు. మనుషులను హైర్ చేయడమంటే ఉద్యోగంలో పెట్టుకోవడం.

లీజ్ దగ్గర జాగ్రత్త పడాలి. బెంగళూరులో బ్రోకరు "లీజుకుంది" అంటే, ఒకేసారి పెద్ద మొత్తం ఓనరు చేతికిచ్చి, నెలనెలా అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం వెనక్కి తీసుకోవడం. మామూలు ఇంగ్లిష్‌లో లీజ్‌కు ఆ అర్థం లేదు. కాగితం రాసుకుని, ఇంత కాలానికని అద్దెకు తీసుకోవడమో ఇవ్వడమో మాత్రమే. విదేశాల్లో ఉన్న స్నేహితుడితో "ఐ టుక్ ఎ హౌస్ ఆన్ లీజ్" అంటే మీరు నెలనెలా అద్దె కడుతున్నారనే అనుకుంటాడు.

బ్రింగ్, టేక్ తేడా ఏమిటి? కమ్, గో కూడా చెప్పండి.

తీసుకురా అంటే బ్రింగ్, తీసుకెళ్ళు అంటే టేక్. వెళ్ళి తీసుకుని రావడానికి ఫెచ్. ఈ విషయంలో తెలుగూ ఇంగ్లిషూ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. ఫోనులో "సిల్క్ బోర్డ్ దాటాను, మీ ఆఫీసుకు వస్తున్నా" అంటామే, ఇంగ్లిష్‌లోనూ అక్కడ "ఐ యామ్ కమింగ్" అనే అంటారు. వినేవాళ్ళు ఉన్న చోటికి వెళ్తున్నాం కాబట్టి.

ఒక్క చోట మాత్రం దారులు విడిపోతాయి. సెలవు తీసుకునేటప్పుడు మనం "వస్తాను" అంటాం, కన్నడిగులు "బర్తీని" అంటారు. "వెళ్తాను" అనడం మనకు బాగోదు. అదే పద్ధతిలో సాయంత్రం ఆఫీసులో "ఓకే, ఐ విల్ కమ్" అని బ్యాగు సర్దుకుంటే, దక్షిణాది కానివాళ్ళు మీరు మళ్ళీ వస్తారని కూర్చుంటారు. "సీ యూ టుమారో" అనండి.

## ఇంటర్వ్యూకు తయారయ్యేటప్పుడు

"ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023" అంటే తప్పా?

మన దేశంలో హెచ్‌ఆర్‌లకు అర్థమవుతుంది. బయటి దేశాల్లో పాస్ అవుట్ అంటే ముందు తట్టేది స్పృహ తప్పి పడిపోవడం. సైనిక శిక్షణ ముగిసినప్పుడు జరిపే పాసింగ్ అవుట్ పరేడ్‌లో ఆ పాత వాడుక ఇంకా బతికుంది. ఇంటర్వ్యూలో "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023" అనండి, ఎక్కడివాళ్ళకైనా సరిపోతుంది.

స్టడీకి లెర్న్‌కి తేడా ఉందా? రెండూ చదవడమే కదా.

చదవడం స్టడీ, వంటబట్టడం లెర్న్. "జావా చదివాను గానీ రాలేదు" అని మనం అనుకునేది ఇదే. రెజ్యూమేలో "స్టడీడ్ జావా" అని ఉంటే పాఠాలు విన్నారని మాత్రమే తెలుస్తుంది. "లెర్న్డ్ జావా బై బిల్డింగ్ ఎ బిల్లింగ్ యాప్" అని ఉంటే మీకు ఏదో చేతనైందని తెలుస్తుంది. అబద్ధం రాయమనట్లేదు. నేర్చుకున్నదాన్ని చదివినదిగా తగ్గించి రాసుకోవద్దంటున్నాను. మన పిల్లలు ఈ పని చాలా ఎక్కువగా చేస్తారు, నాకు బాధేస్తుంది.

"ఐ యామ్ నోయింగ్ పైథాన్", "ఐ యామ్ హావింగ్ టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్" అంటే ఎందుకు వద్దంటారు?

తెలియడం, ఉండడం జరుగుతున్న పనులు కావు, ఉన్న స్థితి. తెలుగులో "నాకు పైథాన్ తెలుసు" అంటాం గానీ "తెలుస్తున్నది" అనం కదా. "ఐ నో పైథాన్", "ఐ హావ్ టూ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్." భోజనం చేస్తున్నానంటే "ఐ యామ్ హావింగ్ లంచ్" సరైనదే, అక్కడ హావ్ అంటే తినడం.

హోప్, ఎక్స్‌పెక్ట్, వెయిట్: "ఎదురుచూస్తున్నాను" అనడానికి ఏది?

జరిగితే బాగుండునని ఆశపడడం హోప్. జరుగుతుందని లెక్క వేసుకుని ఉండడం ఎక్స్‌పెక్ట్. అది జరిగేదాకా అలాగే ఉండడం వెయిట్. "ఐ హోప్ టు గెట్ ద ఆఫర్" వినయంగా ఉంటుంది. "ఐ ఎక్స్‌పెక్ట్ టు గెట్ ద ఆఫర్" అంటే ఇవ్వాల్సిందేనన్న ధోరణి కనిపిస్తుంది. జీతం దగ్గర మాత్రం ఎక్స్‌పెక్ట్ సరైనదే, మీ లెక్క ఎంతో చెప్పమనే వాళ్ళు అడుగుతారు.

మెయిలు చివర "ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ" అని రాయండి. "టు హియర్" కాదు.

డు, మేక్ రెండూ "చేయడమే". గుర్తు పెట్టుకునే చిట్కా ఏమైనా ఉందా?

తెలుగు పెద్దగా సాయపడని చోటు ఇది. కొత్తగా ఏదైనా తయారైతే మేక్, పని పూర్తిచేయడమైతే డు అనేది సగం దూరమే తీసుకెళ్తుంది. "మేక్ టీ, మేక్ ఎ లిస్ట్", "డు ద డిషెస్, డు ఎ కోర్స్." మిగిలినవి జతలుగా నోటికి రావాల్సిందే: మేక్ ఎ మిస్టేక్, మేక్ ఎ డెసిషన్, మేక్ ఎ కాల్, డు యువర్ బెస్ట్, డు ఎ ఫేవర్.

## ఆఫీసులో చేరాక

"ప్లీజ్ రివర్ట్" అని మెయిల్ పెడితే అమెరికా టీమ్ నిన్న పెట్టిన కోడ్ వెనక్కి తీసేసింది. రివర్ట్ అంటే జవాబివ్వడం కాదా?

మన దేశపు ఆఫీసుల్లో అవును, బయట కాదు. రివర్ట్ అసలు అర్థం పాత స్థితికి తిరిగి వెళ్ళడం. సాఫ్ట్‌వేర్ పనిలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో రివర్ట్ అనే కమాండే ఉంది. పాత మార్పును రద్దు చేస్తూ కొత్త కమిట్ (మార్పు నమోదు) వేస్తుంది. కోడ్ గురించి నడుస్తున్న మెయిల్లో "ప్లీజ్ రివర్ట్" అని చదివినవాళ్ళు ఆ పని చేయడం సహజం. జవాబు కావాలంటే "ప్లీజ్ రిప్లై" అనండి. "ప్లీజ్ లెట్ మి నో" ఇంకా మెత్తగా ఉంటుంది. "రివర్ట్ బ్యాక్" ఎక్కడా వద్దు, "తిరిగి" అన్నది రివర్ట్‌లోనే ఉంది.

"డిస్కస్ ఎబౌట్" ఎందుకు తప్పు? టాక్ ఎబౌట్ ఒప్పే కదా.

మనం "దాని గురించి చర్చించాం" అంటాం, ఆ "గురించి" వెంట వచ్చేస్తుంది. డిస్కస్‌లో అది ముందే ఇమిడి ఉంది. "వి డిస్కస్డ్ ద బడ్జెట్." మెన్షన్ కూడా అంతే. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్ దగ్గర దీనికి ఎదురు తప్పు జరుగుతుంది, కావలసిన "టు"ను వదిలేస్తాం. "ఎక్స్‌ప్లెయిన్ మి" కాదు, "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి."

రైజ్, రెయిజ్ లో ఏది ఎప్పుడు? ఆఫీసులో సమస్యను నమోదు చేయడానికి "టికెట్ రైజ్" చేయాలా, "రెయిజ్" చేయాలా?

పెరగడం, లేవడం రైజ్. పెంచడం, లేపడం రెయిజ్. తెలుగులో "జీతం పెరిగింది", "జీతం పెంచారు" అనే తేడా ఎప్పుడూ తప్పం కదా, అదే ఇక్కడ పెట్టండి. ధరలు వాటంతట అవి పెరిగితే "ప్రైసెస్ రోజ్." కంపెనీ ధర పెంచితే "దే రెయిజ్డ్ ద ప్రైస్." టికెట్ దానంతట అది లేవదు, మనం లేపాలి, కాబట్టి "రెయిజ్ ఎ టికెట్." రూపాలు: రైజ్, రోజ్, రిజన్. రెయిజ్, రెయిజ్డ్, రెయిజ్డ్. జీతం పెంపును బ్రిటన్‌లో "పే రైజ్" అనీ అమెరికాలో "ఎ రెయిజ్" అనీ అంటారు. అక్కడ రెండూ నామవాచకాలు, రెండూ ఒప్పే.

రిఫ్యూజ్, డినై, రిజెక్ట్, డిక్లైన్... అన్నీ "కాదనడమే" కదా?

కాదనడంలో రకాలున్నాయి, మనకవి బాగా తెలుసు. "రానన్నాడు": చేయనని చెప్పడం, ఇది రిఫ్యూజ్. "నేను చేయలేదన్నాడు": మోపిన మాటను నిజం కాదనడం, ఇది డినై. "ఈ డిజైన్ వద్దన్నారు": ముందుకొచ్చినదాన్ని పరిశీలించి తోసేయడం, ఇది రిజెక్ట్. "ఏమీ అనుకోకండి, ఈసారికి కుదరదు" అంటే డిక్లైన్. క్యాలెండర్‌లో మీటింగ్ ఆహ్వానం కింద డిక్లైన్ అని ఉండడం అందుకే, రిఫ్యూజ్ అని ఉంటే మొహం మీద తలుపేసినట్టు ఉండేది.

ఎక్కువగా వినపడే తప్పు "హి డినైడ్ టు కమ్." డినై తర్వాత "టు" రాదు. "హి రిఫ్యూజ్డ్ టు కమ్" అనాలి. ఇవ్వాల్సినదాన్ని ఇవ్వకపోవడానికి కూడా డినై వాడతారు, స్క్రీన్ మీద వచ్చే "యాక్సెస్ డినైడ్" అదే.

రిమెంబర్, రిమైండ్?

గుర్తుండడం రిమెంబర్, గుర్తు చేయడం రిమైండ్. "ప్లీజ్ రిమైండ్ మి టుమారో."

ఎన్ష్యూర్, అష్యూర్, ఇన్ష్యూర్ పలకడం కూడా ఒకేలా ఉంది.

పని జరిగేలా చూడడం ఎన్ష్యూర్. మనిషికి భరోసా ఇవ్వడం అష్యూర్, దీని పక్కన మనిషి ఉండాలి. బీమా చేయించడం ఇన్ష్యూర్. అమెరికాలో ఎన్ష్యూర్ బదులు ఇన్ష్యూర్ రాసేవాళ్ళూ ఉన్నారు, మీరు విడిగానే ఉంచుకోండి.

"ట్రై టు రీస్టార్ట్", "ట్రై రీస్టార్టింగ్" రెండూ ఒకటేనా?

ఒకటి కాదు. ఈ తేడా తెలుగులో ఎంత అందంగా ఉందో చూపించడం నాకు ఇష్టం. "రీస్టార్ట్ చేసి చూడండి" అంటే పని సులువే, చేస్తే ఫలితం ఉంటుందేమో చూడమని: "ట్రై రీస్టార్టింగ్ ఇట్." "రీస్టార్ట్ చేయడానికి ప్రయత్నించాను" అంటే అసలు ఆ పనే కష్టమైంది, కాలేదేమో కూడా: "ఐ ట్రైడ్ టు రీస్టార్ట్ ఇట్." సపోర్ట్ టీమ్‌కు రాసేటప్పుడు ఈ రెండూ తారుమారైతే వాళ్ళు వేరే సమస్యను వెతుకుతారు.

ఇలాంటివే ఇంకో రెండు. "టీ తాగడానికి ఆగాను": "ఐ స్టాప్డ్ టు డ్రింక్ టీ." "టీ తాగడం మానేశాను": "ఐ స్టాప్డ్ డ్రింకింగ్ టీ." అలాగే "మరిచిపోకుండా తాళం వేశాను": "ఐ రిమెంబర్డ్ టు లాక్ ద డోర్." "తాళం వేసినట్టు గుర్తుంది": "ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్."

## ఇంకా లోతుగా చదివేవాళ్ళకు

ఒకే పనికి బిగిన్, స్టార్ట్, కమెన్స్ అని ఇన్ని ఎందుకు?

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కొన్ని వందల ఏళ్ళు దర్బారు, న్యాయస్థానాల్లో ఫ్రెంచి నడిచింది. ఇళ్ళల్లో, పొలాల్లో ఇంగ్లిషే ఉంది. ఆ తర్వాత పండితుల రాతల్లోంచి లాటిన్ మాటలు వచ్చి చేరాయి. అందుకే అడగడానికి ఆస్క్ ఇంగ్లిష్ మాట, క్వెశ్చన్ ఫ్రెంచి దారిలో వచ్చింది, ఇంటరాగేట్ లాటిన్‌ది. బిగిన్, స్టార్ట్ పాత ఇంగ్లిష్‌వి. కమెన్స్ ఫ్రెంచివాళ్ళది.

ఇది మనకు కొత్తేమీ కాదు. మొదలుపెట్టడం, ప్రారంభించడం. అడగడం, ప్రశ్నించడం. తినడం, భుజించడం. అచ్చతెలుగు మాట ఇంట్లో తిరుగుతుంది, సంస్కృతం నుంచి వచ్చినది శిలాఫలకం మీద ఉంటుంది. కమెన్స్ ప్రభుత్వ నోటిఫికేషన్ మాట. టీమ్‌కు రాసే మెయిల్లో "లెట్ అజ్ కమెన్స్" అంటే "అన్నం తిందాం" అనాల్సిన చోట "భుజిద్దాం" అన్నట్టు ఉంటుంది.

బిగిన్, స్టార్ట్ చాలాచోట్ల మార్చి వాడొచ్చు. బండి, మెషీన్, కంపెనీ అయితే స్టార్ట్ ఒక్కటే.

లై, లెయ్ నాకు ఎప్పటికీ రావేమో అనిపిస్తోంది.

పడుకోవడం లై, పరచడమో పెట్టడమో లెయ్. చిక్కు ఎక్కడంటే లైకి భూతకాలం లెయ్. లై, లెయ్, లెయిన్. ఇది ఒక వరస. లెయ్, లెయిడ్, లెయిడ్. ఇది రెండోది. అబద్ధమాడే లై వేరు, దానికి లైడ్. పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళే దీన్ని తరచూ తప్పుతారు కాబట్టి మనసు కష్టపెట్టుకోకండి. ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష) రాసేవాళ్ళు రెండు వరసలూ నోటికి తెచ్చుకోండి, మిగతావాళ్ళు తర్వాత చూసుకోవచ్చు.

ప్రీపోన్ అనే మాటే లేదంటారు. ఇండియన్ ఇంగ్లిష్ తప్పా?

మాట ఉంది. పోస్ట్‌పోన్‌కు ఎదురుగా మన దేశంలో స్థిరపడింది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. మీటింగ్‌ను ముందుకు జరపాలంటే కోరమంగళ ఆఫీసులో ప్రీపోన్ అనండి. అమెరికా, బ్రిటన్ వాళ్ళతో "మూవ్ అప్", "బ్రింగ్ ఫార్వర్డ్" అంటే మళ్ళీ వివరించే పని ఉండదు. చదివేది ఎవరో చూసుకుని మాట ఎంచుకోవడం ఓడిపోవడం కాదు. తెలుగులోనూ తాతగారితో ఒకలా, తమ్ముడితో ఒకలా మాట్లాడతాం కదా.

ఏ డిక్షనరీ కొనాలి?

కొనక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ సంస్థల లర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతాయి. పుస్తకమే చేతిలో ఉండాలనుకుంటే అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలు దొరుకుతాయి, కబ్బన్ పార్కులోని శేషాద్రి అయ్యర్ స్మారక గ్రంథాలయంలో కూర్చుని చూసుకోవచ్చు. మామూలు ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు అర్థం చెప్పి వదిలేస్తుంది. లర్నర్స్ డిక్షనరీ ఆ క్రియ పక్కన ఏం రావాలో కూడా చెబుతుంది.

ఒక క్రియను తీసినప్పుడు మూడు చూడండి. పక్కన టి అనే అక్షరముంటే దానికి కర్మ కావాలి, ఐ ఉంటే అక్కర్లేదు. కింద "టెల్ సమ్‌బడీ సమ్‌థింగ్" లాంటి అచ్చు ఉంటుంది, అదే వాక్యం ఎలా కట్టాలో చెప్పేది. ఆ కింద ఉదాహరణలు. వాటిలో ఒకదాన్ని తీసుకుని, మనుషులను, వస్తువులను మార్చి మీ సొంత వాక్యం రాయండి. మీ పీజీ, మీ బస్సు, మీ మేనేజరు అందులో ఉండాలి. ఆ వాక్యాన్ని అదే రోజు ఎవరితోనైనా పైకి అనండి.